మట్టెవాడలో రెండు నెలల అర్ర

సోమక్క మొదటి బిడ్డ ఎడ్లబండిలో పుట్టి, ఏడవకుండానే పోయాడు. రెండో బిడ్డ అడ్డం తిరిగి, వర్ధన్నపేట చేరేలోపే కడుపులో చనిపోయింది. మూడోసారి నెల తప్పాక కొన్నాళ్లు చూసి, ఆమె ఒక్కతే బస్సెక్కి వరంగల్ పెద్ద దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, కటి ఎముక ఇరుకుగా ఉందని, ఆపరేషన్ చేస్తే తప్ప బిడ్డ దక్కదని చెప్పింది. నొప్పులు మొదలవగానే వచ్చి పడాలి, అందుకని చివరి రెండు నెలలు వరంగల్‌లోనే ఎక్కడైనా ఉండమంది. అన్నాళ్ల ముందు నుంచి దవాఖానలో మంచం ఇవ్వడం మాత్రం కుదరదట.

అది డెబ్బై ఆరో సంవత్సరం. ఎనిమిదో నెల సరిగ్గా శ్రావణంలో పడింది. వాళ్ల ఊరికీ బస్సు రోడ్డుకూ మధ్య ఆకేరు వాగు ఉంది. వానాకాలం అది పొంగిందంటే రోజుల తరబడి ఎవరూ దాటలేరు. భర్త పోశయ్య ఒక పటేలు దగ్గర జీతం ఉంటున్నాడు. నాట్లు పడే రోజుల్లో అతన్ని కదలనివ్వరు. అత్త కట్టమ్మ, తానూ తన తల్లీ ఇంట్లోనే కన్నామని, కొత్త పద్ధతులు ఎందుకని గొణిగింది. సోమక్క ఎదురు చెప్పలేదు. రెండు చీరలు, గిన్నెలు, బియ్యం మూట కట్టుకుంది. ఒక్కరోజు సెలవు అడుక్కుని పోశయ్య వెంట వచ్చాడు.

వరంగల్‌లో వాళ్లకు తెలిసిన మనిషి లేడు. దవాఖానకు మరీ దూరం కాదని మట్టెవాడ గల్లీల్లో అడగడం మొదలుపెట్టారు. మొదటి ఇంట్లో ఏడాదికి తక్కువైతే ఇవ్వమన్నారు. రెండో ఇంట్లో ఏ కులమని అడిగి తలుపు దగ్గరికి వేశారు. ఆ తర్వాత ఏ ఇంట్లోనైనా ఒకటే మాట. కిరాయి, నీళ్లు, అన్నీ కుదిరాక ఆడవాళ్లు బయటికొచ్చి సోమక్క కడుపు చూసేవాళ్లు. పురుడు మాకొద్దని లోపలికి పోయేవాళ్లు. పురుడొస్తే ఇల్లంతా మైల.

మధ్యాహ్నానికి పోశయ్యకు విసుగొచ్చింది. కొంగు నిండుగా కప్పుకొమ్మని, పురుడు సంగతి ఎత్తవద్దని చెప్పాడు.

"దాస్తె ఎన్ని రోజులు దాగుతది?" అంది సోమక్క. "తొమ్మిదో నెలల ఎల్లగొడితె అప్పుడేడ పడాలె? చెప్పే అడుగుదాం."

సాయంత్రం దాకా చెప్పే అడిగారు. ఎక్కడా దొరకలేదు. పోశయ్య ఆఖరి బస్సుకు పోవాలి. ఇద్దరం వెనక్కి పోదామన్నాడు. ఆమె మూట తీసి పక్కన పెట్టుకుని దగ్గర్లోని ఒక సత్రం అరుగు మీద కూర్చుంది. అతను బస్టాండు దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, తన తువ్వాలు ఆమె భుజాన వేసి పోయాడు.

పొద్దున ఆమె మళ్లీ మట్టెవాడకే పోయింది. ఒక గల్లీ నల్లా దగ్గర తాగడానికి నీళ్లు అడిగితే, బిందె పట్టుకుంటున్న ఒకామె దోసిట్లో పోసింది. ఆమె పేరు సుగుణ. ఆమె భర్త రామలింగం కరెంటు ఆఫీసులో గుమస్తా. పని మీద కొన్ని నెలలు ఖమ్మం పంపించారు. కిరాణా వ్యాపారి పాండురంగం ఇంట్లో వెనక వైపు రెండు అర్రలు వాళ్లవి. ఒంటరిగా ఉండాలంటే సుగుణకు భయం. సోమక్క కథంతా విని, ఒక అర్ర ఖాళీగానే ఉంది, వచ్చి ఉండమంది. కాకపోతే ఇంటామెతో మా చిన్నమ్మ కూతురని చెబుదామంది.

సోమక్కకు ప్రాణం లేచొచ్చింది. అయినా చిన్నమ్మ కూతురి మాట ఒప్పుకోలేదు. అబద్ధం మీద ఉంటే ఆ రెండు నెలలూ భయపడుతూనే బతకాలని, తానే పోయి అడుగుతానని అంది.

పాండురంగం భార్య శకుంతల వాకిట్లో ముగ్గు పెడుతోంది. సోమక్క చెప్పిందంతా తలెత్తకుండా విని, ముగ్గు పూర్తిచేసి, అప్పుడు లేచింది.

"కిరాయికున్నోళ్లు ఇంకొకల్లను కిరాయికి పెట్టుకునుడు మా ఇంట్ల లేదు," అంది. "అండ్ల నువ్వు నిండు మనిషివి. దేవుని అర్ర ఉన్న ఇల్లు ఇది."

"పురుడు మీ ఇంట్ల రాదమ్మా. దవాఖానల రావాలనే ఇంత దూరం వచ్చిన. నొప్పులు మొదలైతే ఆ నిమిషమే ఎల్లిపోత. బిడ్డతోని మళ్ల మీ గడప తొక్క."

"నొప్పులు చెప్పి వస్తయా?"

"ఇద్దరిని కన్న. ఎట్ల వస్తయో నాకెరుకే."

"ఆ ఇద్దరేరి మరి?"

"మట్టిల ఉన్నరు."

శకుంతల చేతికంటిన ముగ్గు దులుపుకుంది. పక్క గల్లీ తలుపు నుంచే రావాలని, దేవుడి అర్ర వైపు పోవద్దని, అన్న మాట తప్పవద్దని చెప్పి లోపలికి పోయింది.

అర్ర చిన్నది. ఒక గోడకు సుగుణ వాళ్ల పాత పెట్టెలు ఉన్నాయి. మిగిలిన చోట ఒక మనిషి పడుకోవచ్చు. సోమక్క దాన్ని అలికి, మూట విప్పి, ఆ పూటే దవాఖానకు దారి చూసుకోవడానికి బయల్దేరింది. మర్నాడు వేరే గల్లీ గుండా పోయి చూసింది. వాన పడితే ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ మలుపులో కూర్చోవడానికి అరుగులున్నాయో తెలుసుకుంది. మూల మీద రిక్షా ఆపుకునే యాకయ్యను పలకరించి, ఎప్పుడు పిలిచినా రావాలని మాట తీసుకుంది. పగలు మోదుగాకులతో విస్తళ్లు కుట్టి కిరాణా కొట్టుకు వేసేది. సాయంత్రం సుగుణ, ఆమె కలిసి వండుకునేవాళ్లు. కొత్త ఊళ్లో దిగులుగా ఉంటుందా అని సుగుణ ఒకసారి అడిగింది. దిగులు పడడానికి ఇంకా తీరిక దొరకలేదంది సోమక్క.

పోశయ్య వీలు దొరికినప్పుడు వచ్చి చూసి పోయేవాడు. శ్రావణం సగమయ్యేసరికి వానలు ముదిరి, రావడం మానేశాడు. వాగు నిండి ఉంటుందని ఆమె అనుకుంది.

డాక్టరమ్మ చెప్పిన రోజులు ఇంకా ఉండగానే, వినాయక చవితి పొద్దున నడుములో నొప్పి మొదలైంది. సోమక్క గోడకు ఆనుకుని కాసేపు చూసింది. నొప్పి పోయి మళ్లీ వచ్చింది. అవే. ఇంటి ముందు భాగంలో, శకుంతల వాళ్ల వైపు పూజ జరుగుతోంది. సుగుణ కూడా కుడుములు చేయడానికి అక్కడికే పోయింది. పిలిస్తే వచ్చేదే. కానీ పూజ మధ్యకు పురిటి నొప్పుల కబురు పంపడం సోమక్కకు ఇష్టం లేకపోయింది. మూట చంకన పెట్టుకుని, పక్క తలుపు గొళ్లెం పెట్టి గల్లీలోకి దిగింది.

మూల మీద రిక్షా లేదు. వినాయకుణ్ణి తెచ్చుకునే వాళ్లెవరో తీసుకుపోయారట. తుంపర పడుతోంది. ఎదురుచూస్తూ నిలబడటం కంటే నడవడమే మేలనుకుని నడిచింది. నొప్పి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, తగ్గగానే లేచింది. సగం దారిలో యాకయ్య ఖాళీ రిక్షాతో ఎదురయ్యాడు. ఆమెను చూసి కంగారుగా దిగి, రెండు చేతులా పట్టుకుని ఎక్కించాడు.

దవాఖానలో డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టింది. వెంట ఎవరొచ్చారని, ఆపరేషన్‌కు ఇంటివాళ్లు ఒప్పుకోవాలని అంది.

"వాగు నిండింది, మా ఇంటాయన రాలేడు," అంది సోమక్క పళ్లు బిగపట్టి. "మోసింది నేను. ఒప్పుకునేది నేనే. ఏలిముద్ర నాదే పెట్టించుకోండ్రి. జర జల్ది చెయ్యిండ్రి."

డాక్టరమ్మ నర్సుకు తల ఊపింది.

ఆడపిల్ల పుట్టింది. సోమక్కకు మెలకువ వచ్చేసరికి, యాకయ్య కబురు చెబితే వచ్చిన సుగుణ పక్కన కూర్చుని ఉంది. తనను పిలవనందుకు కోపంగా ఏదో అంటోంది. సోమక్కకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. బిడ్డ ఏడుస్తోంది. ఊపిరి పట్టి ఎర్రగా కందిపోయి, ఆగి, మళ్లీ ఏడుస్తోంది. అదే వింటూ పడుకుంది.

కుట్లు విప్పాక మంచం ఖాళీ చేయమన్నారు. పోశయ్య ఇంకా రాలేదు. పక్క తలుపు గుండా చప్పుడు కాకుండా అర్రలోకి తీసుకుపోతానని సుగుణ బతిమాలింది. ఇచ్చిన మాట తప్పనని సోమక్క చెప్పేసింది. వార్డులో ఆయాలను, పక్క మంచాల వాళ్లను అప్పటికే అడుగుతోంది. బాలింతకు కొన్నాళ్లు చోటిచ్చేవాళ్లు ఎవరూ తగల్లేదు. సత్రం అరుగైనా సరే అనుకుంటున్న రోజున వార్డు గుమ్మం దగ్గర శకుంతల కనిపించింది. లోపలికి రాలేదు. కొంగు దగ్గరికి తీసుకుని అక్కడి నుంచే మాట్లాడింది.

"మా గోదాం ఎనుక గల్లీల ఉన్నది. అది ఇల్లు కాదు, అండ్ల దేవుడు లేడు. దానికేం మైల? మిర్చి బస్తాలన్ని తీయించిన. పోరికి ఘాటు తగులుతది."

సోమక్క నమ్మలేనట్టు చూసి, పాండురంగం సేటు ఒప్పుకున్నాడా అని అడిగింది.

"తాళం చాబి నా తాననే ఉంటది," అంది శకుంతల. "ఫికర్ చెయ్యకు."

గోదాం అంత పెద్ద చోటు సోమక్క జన్మలో వాడుకోలేదు. సుగుణ వేడినీళ్లు, కారం తక్కువ వేసిన కూరలు తెచ్చేది. శకుంతల మనిషితో నెయ్యి, శొంఠి పంపేది కానీ తాను రాలేదు.

వాగు తగ్గిన రోజున పోశయ్య నడుం దాకా బురదతో వచ్చాడు. అర్రకు గొళ్లెం చూసి అక్కడే కూలబడితే, సుగుణ చెయ్యి పట్టుకుని గోదాంకు తెచ్చింది. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అతను బయటికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, అమ్మ రోజూ వాగు ఒడ్డుకు పోయి కూర్చుంటోందని చెప్పాడు. ఇరవై ఒకటో రోజు దాటాకే వస్తానని, అత్తకు ఆ మాట చెప్పమని సోమక్క పంపించింది.

మైల తీరే ఇరవై ఒకటో రోజున శకుంతల తలంటు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని గోదాంలోకి వచ్చింది. చాప మీద కూర్చుని చేతులు చాచింది. సోమక్క బిడ్డను ఆమె ఒళ్లో పెట్టింది.

మర్నాడు వాళ్లను తీసుకుపోవడానికి పోశయ్య వచ్చాడు. మూట కట్టడం అయ్యాక సోమక్క శకుంతలతో ఒక మాట చెప్పాలంది. తనకు దవాఖానలో పరిచయమైన భద్రమ్మ అనే ఆమె రఘునాథపల్లి నుంచి అక్కడికి వస్తోందట. ఇది తొమ్మిదో నెల, పోయిన కాన్పులో బిడ్డ దక్కలేదు. ఉండడానికి చోటు దొరక్క రోజూ బస్సులో వచ్చి పోతోంది.

"పురుడు దవాఖానలనే అయితదమ్మా," అంది సోమక్క. "మనిషి మంచిది. నాకెరుకే."

శకుంతల బిడ్డ నెత్తి మీది టోపీ సరిచేసింది.

"తోలుకరాపో, చూస్త," అంది.

బస్సుకు ఆలస్యమవుతోందని పోశయ్య గుర్తుచేశాడు. సోమక్క బిడ్డను అతని చేతికిచ్చి, తర్వాతి బస్సుకు పోదామని చెప్పి, దవాఖాన దారి పట్టింది.