మార్కీకి మూడు సేవలు

మధ్యాహ్న భోజనాల గంట కొట్టకముందే సంస్కృతి ఒక కన్ను పోగొట్టుకుంది.

ఆ కన్ను మార్కీ అనే పందెం కోడిది. దాన్ని పెంచినవాడు అన్సెల్మ్, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి నింపుకొని గనిలోంచి బయటపడ్డ ముసలి కార్మికుడు. ఫ్రాన్సు ఉత్తరపు కొసన, గనులు మూతబడ్డ ఆ ఊళ్లో, కాలికి ఇనుపముల్లు కట్టి కోళ్లను పొడిపించడం తాతల నాటి ఆచారం. కాబట్టి మాల్‌ఫ్రువా దాతృత్వ సంస్థ దాన్ని సంస్కృతి శాఖ కింద పోషిస్తోంది. పోట్లు తిన్న కోళ్లకు కుట్లు వేయడానికి ప్రకృతి శాఖ ఉంది. కుట్లకు లొంగనివి ప్రజాసేవ శాఖవారి పులుసు కుండలోకి వెళతాయి. లోకంలో కరుణ ఇంత పొదుపుగా ప్రవహించిన చోటు మరొకటి ఉండదు.

ఆ కుండ దగ్గర ఉల్లికాడలు తరిగేది అన్సెల్మ్ కూతురు జెలీ. కేకలు విని బరి దగ్గరికి పరుగెత్తింది. తండ్రి ఒళ్లో మార్కీ. మెడ కింద చర్మం చీలి వేలాడుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చీలికలోంచి నెత్తుటి బుడగ లేచి పగులుతోంది. తండ్రి ఊపిరిలోనూ అదే చప్పుడు.

ప్రకృతి శాఖ వైద్యుడు రెజిస్ ముల్లు విప్పేసి సూది తీశాడు. "కుట్టేస్తాను. సాయంత్రం దాకా నిలబడుద్ది."

"సాయంత్రం దాకా ఎందుకంట?" అంది జెలీ.

జవాబు మదామ్ మాల్‌ఫ్రువా చెప్పింది. ఈ మూడు శాఖలకూ ఆమే అధిష్ఠాన దేవత. ఒకప్పుడు గనిని ఏలిన పెద్దదొర కూతురు. "టీవీ వాళ్లు భోంచేసి వస్తారు జెలీ. వాళ్ల కోసం ఇంకొక్క పందెం. ముసలి గని మనిషి, ముసలి కోడి... చూడముచ్చటగా ఉంటుంది."

"దానికి కన్ను పోయిందమ్మా."

"ఇంకోటుందిగా!"

బరి చుట్టూ నవ్వులు. "మీ నాన్నకేమన్నా రెండు ఊపిరితిత్తులూ ఉన్నాయేంటే? బతకట్లా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అన్సెల్మ్ కూడా నవ్వబోయి దగ్గాడు. రుమాలు నల్లబడింది.

పెంచిన ఇంటివాళ్ల చేత్తో ముల్లు కట్టనిదే ఏ కోడీ ఆ బరిలో దిగరాదు. అన్సెల్మ్ చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని జెలీది. మదామ్ ముల్లు అందించింది.

"కట్టు. మీరుంటున్న ఇల్లు కోళ్లు పెంచేవాళ్లకని సంస్థ ఇచ్చిందేగా? మర్చిపోయావా?"

ముసలాడు కోడి వీపు నిమురుతూ, "దీన్నింక కష్టపెట్టకే తల్లీ. నువ్వే ప్రాణం తీసెయ్," అన్నాడు. ఆయన అడిగిన దయ ఏ శాఖలోనూ దొరికేది కాదు.

జెలీ ముల్లును ఇసకలోకి విసిరింది. మార్కీని రొమ్ముకు అదుముకొని, మెడ పట్టి ఒక్క తిప్పు తిప్పింది. ఎముక విరిగిన చప్పుడు వెనక బల్లల దాకా వినబడింది. కాళ్లు చాలాసేపు తన్నుకున్నాయి. గోళ్లు ఆమె ముంజేతిని మోచేతి దాకా చీల్చాయి. ఆమె వదల్లేదు.

ముందుగా తేరుకున్నది మదామ్. "సరే, కుండలో వెయ్యి. పేదలైనా తింటారు."

"వెయ్యను."

ఆ మాట ఏ శాఖ కిందికి వస్తుందో తెలియక అధిష్ఠాన దేవత చుట్టూ చూసింది.

ఊరి వెనక, గనిలోంచి తీసిన రాతిమట్టి పోసి పోసి పెరిగిన నల్లగుట్ట ఉంది. దాని మీద ఇప్పుడు చెట్లు మొలిచాయి. ప్రకృతి శాఖ కంచె వేసి కాపాడుతోంది. జెలీ చేతిలో కోడి, అన్సెల్మ్ భుజాన పార. రెజిస్ రొప్పుతూ వెంటపడ్డాడు.

"అన్సెల్మ్! ఇక్కడ తవ్వకూడదయ్యా! బోర్డు కనబడట్లేదా?"

"కనబడుతోంది బాబూ. ఈ గుట్టంతా నేనూ నా తోటోళ్లూ కిందనుంచి తవ్వి పోసిందే. అప్పుడు మదామ్ వాళ్ల నాన్న ఒక్క బోర్డన్నా పెట్టలేదే?"

పార నేలలో దిగింది. దగ్గు ఆయన్ని రెండుగా వంచింది. జెలీ నెత్తురోడే చెయ్యి చాపి పార అందుకోబోయింది.

ముసలాడు ఇవ్వలేదు.