బ్రేకు మీద కాలు

నేను బ్రేకు వేస్తే వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లకు కల కూడా చెదరదు. బడి వ్యాన్లు తోలేవాళ్లందరిలో అలాంటి పాదం నాదొక్కటే. స్పీడుబ్రేకర్లు నన్ను చూసి వాటంతటవే వంగి దారి ఇచ్చేవని కూడా అంటారు. ఎవరు అంటారని అడక్కండి.

అంతటివాణ్ణి ఒక సాయంత్రం ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాను. రెండోది ఎక్కడ జారిపోయిందో కాలు నాకు చెప్పలేదు. దారంతా కంకర. అరికాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా, గుమ్మంలో మా ఆవిడ కేకపెట్టేదాకా నాకు కబురే లేదు. ఏళ్ల తరబడి ఒంట్లో కాపురమున్న షుగరు కాళ్లలోని నరాల్ని తినేసిందట. నెత్తురు తుడుస్తూనే మా ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇక వ్యాను ముట్టుకోవద్దు."

ఆ తీర్పు మీద అప్పీలుకని ఆదివారం మా బావమరిదిని పిలిపించాను. అతనికి మందుల షాపుంది. సీసా మీద ఏది రాసి ఉంటే అది నమ్మే మనిషి. అవతలి పక్షం మా అమ్మాయి. పరిశోధనశాలలో మూలకణాలు పెంచడం దాని ఉద్యోగం. పల్లెటూరి బడిలో చదివిన నాకు అర్థమైనంతవరకు, అవి పెద్దయ్యాక ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని పసికణాలు. వాటిని బుజ్జగించి, ఇన్సులిన్ తయారుచేసే పనిలో పెడతారు.

"రెండేళ్లు బావా, రెండంటే రెండేళ్లు! ఆ కణాలొచ్చాయంటే నా షాపులో ఇన్సులిన్ అడిగే దిక్కుండదు" అన్నాడు బావమరిది, షాపు మూతపడబోతోందన్న సంతోషంతో.

"ఆ రెండేళ్ల మాట నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ వింటున్నా మామయ్యా" అంది మా అమ్మాయి.

"ఆ పనే చేస్తూ అలా అంటావేంటే?"

"నమ్మకముంది కాబట్టే చేస్తున్నా. కొందరికి ఇంజక్షన్లు మానేసే వీలు కూడా వచ్చింది. కానీ వాళ్లలో ఇన్సులిన్ అసలే తయారవదు, జబ్బే వేరు. నాన్నది ఆ రకం కాదు. పైగా, పెట్టిన కణాల్ని ఒళ్లు తరిమేయకుండా రోజూ ఇంకో మందు మింగాలి. దాంతో ఏ జబ్బొచ్చినా తట్టుకోవడం కష్టం."

"ఆ మందు కూడా నా షాపులో దొరుకుతుందిలే!"

"నీ షాపు సంతకెళ్ల! మా ఆయన్ని కూడా సీసాలో పోసి అమ్మేసేలా ఉన్నావు" అంది మా ఆవిడ.

నేను పెద్దమనిషి తరహాలో చెయ్యెత్తాను. "తగవెందుకు? రెండేళ్లు వ్యాను తోలుతూ ఉంటాను. కణాలు రాగానే పెట్టించుకుంటాను. కాలు మళ్లీ కొత్తదైపోతుంది."

"అవదు నాన్నా. రేపు పొద్దున్నే అవి పెట్టినా, మహా అయితే షుగరు అదుపులోకొస్తుంది. చచ్చిన నరాలు లేచిరావు."

"బావ కాలు చచ్చిందని ఎవరన్నారు?" బావమరిదికి రోషం వచ్చింది. "పరీక్ష పెట్టు. బావా, కళ్లు మూసుకో!"

అమ్మాయి దూదిపుల్ల తెచ్చి నా ముందు కింద కూర్చుంది. "ఏ వేలు ముట్టుకుంటున్నానో చెప్పు" అంది.

ఇక్కడ నా తెలివి చూడండి. దానికి లెక్కలు నేర్పింది నేనే. వరస తప్పదని తెలుసు. దాని చేతి గాజుల చప్పుడైనప్పుడల్లా ఒక వేలు దాటాను.

"బొటనవేలు."

"ఊఁ."

"దాని పక్కది."

"ఊఁ."

"మధ్యవేలు."

"అదీ మా బావంటే!" అని బావమరిది చప్పట్లు కొట్టాడు. గాజులు మళ్లీ గలగలమన్నాయి.

"నాలుగోది" అన్నాను. ఊఁ వినబడలేదు. ఆగితే అనుమానమొస్తుందని "ఇప్పుడు చిటికెనవేలు" అని కూడా అనేశాను.

"నేను ముట్టుకోలేదు నాన్నా."

కళ్లు తెరిచాను. దూదిపుల్ల దాని ఒళ్లో ఉంది. అది ముఖం మీది జుట్టు వెనక్కి సర్దుకుంటోంది.

బావమరిది చప్పట్లు కొట్టిన చేతుల్ని ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. నాకు బాధ కలగాలి కదా అని కాసేపు చూశాను. కలగలేదు. కాలిలోని మొద్దుబారుడు పైకి పాకినట్టుంది.

"పెడలు మీద కాలుందో లేదో నీకెలా తెలుస్తోంది?" అని అమ్మాయి మెల్లగా అడిగింది.

"కిందికి చూస్తాను."

"అప్పుడు రోడ్డెవరు చూస్తున్నారు?"

పిల్ల కల చెదరదని మొదట్లో గొప్పలు పోయాను కదా, అది మార్చి చదువుకోండి. ఈ మధ్య నేను బ్రేకు వేసినప్పుడల్లా వెనక సీటువాళ్లు ముందు సీటువాళ్ల నెత్తిన వాలుతున్నారు. ఒకడి డబ్బా మూత నా అద్దం దాకా ఎగిరొచ్చింది. నిద్రే లేదు, ఇక కలెక్కడిది?

వ్యాను తాళంచెవి తీసి బల్లమీద పెట్టాను. అమ్మాయి దానివైపు చూడలేదు. నా కాలు ఒళ్లోకి తీసుకుని కట్టు మార్చింది. దాని వేళ్లు నా పాదం మీద కదలడం కనబడుతోంది. తగలడం లేదు.

సోమవారం పొద్దున వీధి మలుపులో నిలబడ్డాను. కొత్త డ్రైవరు వ్యాను తోలుకొచ్చాడు. నన్ను చూడగానే పిల్లలంతా కిటికీలకు అతుక్కుపోయి, తాతా తాతా అంటూ వెక్కివెక్కి ఏడ్చారు.

ఆ ఏడుపు నేను కల్పించింది. ఎవరూ ఏడవలేదు. ఒకడు చెయ్యి ఊపాడు. నాకో, నా వెనక నిలబడ్డ పాలవాడికో తెలియలేదు. అయినా నేనూ ఊపాను.