అన్నయ్య మోయాల్సిన మొదలు

మా అన్నయ్యా నేనూ ఒకే కడుపున పుట్టాం, ఒకే మంచం మీద తన్నుకుంటూ పెరిగాం, ఒకే రోజు పొద్దున యుద్ధానికి పేర్లిచ్చుకోవడానికి వెళ్ళాం. మధ్యాహ్నానికల్లా ఆయన తెల్లవాడూ, నేను నల్లవాడినీ అయి బయటికొచ్చాం.

సార్జెంటు టోపీలు తీయమన్నాడు. అన్నయ్య జుట్టు దువ్వెనకు లొంగింది, నా జుట్టు దువ్వెననే లొంగదీసింది. జుట్టు చూసి జట్టులో వేశారు.

"మేమిద్దరం అన్నదమ్ములం సార్" అన్నాను.

"అదెలా కుదురుతుంది?"

"మా నాన్ననడగాలి సార్. కుదిర్చింది ఆయనే."

ఆ జవాబుకు బహుమతిగా యుద్ధమంతా బంగాళాదుంపల చెక్కు తీశాను.

అదంతా జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. అన్నయ్య బెల్మీరో ఇప్పుడు బిల్. అమెరికాలో మా న్యూ బెడ్‌ఫర్డ్ ఊరికి ఉత్తరపు కొసన ఇల్లు, ఐరిష్ భార్య, బీమా కంపెనీలో కుర్చీ. తనెవరో ఎవరికీ తెలపకుండానే తెలుపైపోయాడు. నేను, తియోదోరోని, రేవు పక్కన క్షవరాల దుకాణం పెట్టుకున్నాను. నాకూ కుర్చీ ఉంది గానీ, అందులో కూర్చునేది ఇతరులు.

ఇక మా జాతి సంగతి. మా అమ్మ జుల్మీరా ఆఫ్రికా తీరానికి ఎదురుగా ఉన్న బ్రావా దీవి నుంచి ఓడెక్కి వచ్చింది. దీవి పోర్చుగీసు రాజుది గనక తాను పోర్చుగీసునని ఆమె వాదం. అసలు పోర్చుగీసుల క్లబ్బు మమ్మల్ని మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. సైన్యం నన్నొకటి అంది, జనాభా లెక్కలవాడు నా మొహం చూసి మరొకటి రాసుకున్నాడు. వచ్చే నెలలో మా దీవులకు స్వాతంత్ర్యం వస్తోంది, అప్పుడు మేం కేప్ వెర్డియన్లం అవుతామట. నా కుర్చీ వెనకనుంచి అడుగు కదపకుండా ఇన్ని జాతులు తిరిగాను. ఓడెక్కినవాడు కూడా ఇన్ని రేవులు చూసి ఉండడు.

ఈ ఏడు అమ్మకు ఒక్కటే కోరిక. కిందటి శీతాకాలం జబ్బు పడి లేచాక, సెయింట్ జాన్ పండగ తన ఇంట్లో చేస్తానని మొక్కుకుంది. మా పండగకు ఓడ తెరచాప మానును ఆకులతో, పళ్ళతో, రొట్టెలతో అలంకరించి పెరట్లో నిలబెడతాం. మాను మొదలు పెద్దకొడుకు భుజాన ఉండాలి, కొస చిన్నకొడుకు భుజాన. పొద్దున ఎత్తేటప్పుడూ అంతే, సాయంత్రం దించేటప్పుడూ అంతే. "కళ్ళు మూసేలోగా నా ఇద్దరు కొడుకులూ ఒక కొయ్య మోస్తుంటే చూడాలిరా" అంది అమ్మ.

పిలవడానికి వెళ్ళాను. అన్నయ్య నన్ను ఇంట్లోకి రానివ్వకుండా కారు షెడ్డులోనే ఆపాడు.

"మెల్లగా మాట్లాడరా తమ్ముడూ."

"నాకు మెల్లగా రాదని నీకు తెలుసు. అమ్మకు ఎనభై నిండాయి. ఒక్క పూట భుజం అరువివ్వలేవా?"

"నెల నెలా వస్తున్నానుగా."

"వస్తున్నావు, వంటింటి గుమ్మంలోంచి, దొంగలా! దొంగైనా నయం, ఏదో ఒకటి పట్టుకుపోతాడు. నువ్వు అమ్మ వండిన మొక్కజొన్న కాచూపా కూడా పట్టుకెళ్ళవు."

"ఇంట్లో ఏం చెప్పను? పిల్లలకు మనం పోర్చుగీసులమని చెప్పాను."

"అమ్మ కూడా అదే అంటుంది."

"అమ్మ అనడం వేరు, నేను అనడం వేరు. ఆదివారం పండగ పూట మా ఆఫీసువాళ్ళు అమ్మ వీధిలోంచే బీచికి పోతారు. నావల్ల కాదు."

షెడ్డు తలుపును ఎంత గట్టిగా వెయ్యాలో అంత గట్టిగా వేసి వచ్చేశాను.

ఆదివారం పొద్దున అమ్మ "వచ్చాడా?" అని వంటింట్లోంచి కేకేస్తూనే ఉంది. చివరికి మాను మొదలు నేను మోశాను, కొస పక్కింటి సెరఫీం మోశాడు. అమ్మ కిటికీలోంచి చూసి మొహం తిప్పుకుంది. కొసైనా నా కొడుకు లియోనెల్ పట్టుకుంటాడేమోనని ఆశపడ్డాను. వాడు గొడుగంత జుట్టుతో మెట్ల మీద కూర్చున్నాడు. మంగలి కొడుకు!

"పోర్చుగీసువాడు మనల్ని బానిసలు చేసి నేర్పిన పండగిది. మనం నల్లవాళ్ళం నానమ్మా. ఆ మాట పైకి అనడానికి ఈ ఇంట్లో అందరికీ భయం" అన్నాడు.

"నెత్తిమీది కాకిగూడు దించి మాట్లాడరా."

"ఇది ఆఫ్రో. మనది ఆఫ్రికా అని గుర్తు."

"ఆఫ్రికా నువ్వు చూశావా? నేను దాని పక్కనే పుట్టాను!"

డప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఎవరో పిల్ల గేటు దగ్గర నిలబడింది. ఎర్రజుట్టు, బుగ్గల నిండా మచ్చలు, ఎండకు కందిన ముక్కు. దారి తప్పి వచ్చిందనుకున్నాను.

"తియోదోరో బాబాయ్ మీరేనా? నేను మొరీన్‌ని, బిల్ గారి అమ్మాయిని. కాలేజీలో దీవుల అమ్మాయి ఒకామె నా ఇంటిపేరు చూసి అంతా చెప్పింది. నాన్నను అడిగితే టీవీ సౌండు పెంచారు" అని ఊపిరి పీల్చుకుని గర్వంగా ప్రకటించింది. "బాబాయ్, నేను నల్లమ్మాయిని!"

లియోనెల్ మెట్లు దిగి వచ్చాడు. "నువ్వా? పోలీసు కారు ఆపినప్పుడు కూడా ఇదే మాట చెప్పు."

పిల్ల మొహం ముక్కుకంటే ఎర్రబడింది. నాకూ వాడితో కలిసి అరవాలనిపించింది. ఏ రంగు వల్ల సైన్యం నన్ను దుంపల దగ్గర కూర్చోబెట్టిందో, ఏ రంగుకు భయపడి మా అన్నయ్య సొంత తల్లి ముందుగుమ్మం తొక్కడో, ఆ రంగును ఈ పిల్ల వేసవి గౌనులా తొడుక్కొచ్చింది. కానీ ఏం లాభం? మూతి విరుపు అచ్చం మా అమ్మదే. అరవలేకపోయాను. నా జీవితంలో అది అరుదు.

మొరీన్ ఏదో ఒక పని చేయాలని చెయ్యి చాచి, మానుకు కట్టిన రొట్టె ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది.

డప్పులు ఆగిపోయాయి. మాను దించేదాకా ఆ రొట్టె ఎవరూ ముట్టరు. ముట్టి తింటే వచ్చే ఏడు పండగ వాళ్ళింట్లోనే. తిన్నాక కాదనడం లేదు. సెయింట్ జాన్ దగ్గర అప్పీలు లేదు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "బెల్మీరో ఇంట్లో పండగ! ఫోన్ చెయ్యండిరా వాడికి!"

ముప్పై ఏళ్ళుగా నేను బతిమాలినా పట్టపగలు రానివాడు ఒక రొట్టె ముక్కకు అరగంటలో వచ్చాడు. ముందుగుమ్మం నుంచే వచ్చాడు, కారు ఇంజను మాత్రం ఆపలేదు.

"ఏం తిన్నావే?" అన్నాడు కూతురితో.

"రొట్టె, నాన్నా. నాకు తెలియదు."

"నాకు తెలుసు" అన్నాడు. ఆ ఒక్క మాటలో మా పాత అన్నయ్య కనబడ్డాడు. వచ్చే ఏడు పండగ చేసేవాళ్ళు దాచుకోవాల్సిన సెయింట్ జాన్ జెండా అమ్మ తెచ్చి చేతిలో పెడితే, అలవాటున వంగి ముద్దు పెట్టుకున్నాడు కూడా. ఇక మాను దగ్గరికి నడుస్తాడనుకున్నాను.

"పండగ చేస్తానమ్మా. మా ఇంట్లో కాదు, హాలు అద్దెకు తీసుకుంటాను. పోర్చుగీసు పండగని చెబుతాను."

"మనం పోర్చుగీసులమేగా" అంది అమ్మ ఆనందంగా.

"నువ్వూ రా తమ్ముడూ. లియోనెల్‌ను మాత్రం ఆ జుట్టు కత్తిరించుకుని రమ్మను."

"నా కొడుకు జుట్టుకు సార్జెంటువి నువ్వా?" అని అరిచాను. "వచ్చావుగా! సాయంత్రం కావస్తోంది, మాను దించాలి. మొదలు పట్టుకో. పట్టుకుని ఏ జాతిలోకైనా పో!"

అన్నయ్య మానును చూశాడు, అమ్మను చూశాడు, బీచి నుంచి తిరిగొస్తున్న కార్లను చూశాడు. జెండా మడిచి డిక్కీలో దుప్పటి కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు. కూతురు రానంటే ఆగను కూడా లేదు.

"వాడేడీ? ఇక్కడే ఉన్నాడుగా?" అంది అమ్మ.

మొరీన్ వెళ్ళి మాను మొదలు దగ్గర నిలబడింది. "నాన్న వైపు ఇదేనా?"

"మోయలేవే" అంటూ నేను కొస కింద భుజం పెట్టాను.

మోయలేకపోయింది. ఐదడుగుల పిల్ల. మొదలు ఆమె మోకాళ్ళ దాకా జారి, రొట్టెలూ పళ్ళూ మట్టిలో ఈడ్చుకుపోయాయి. లియోనెల్ తిట్టుకుంటూ వచ్చి ఆమె వెనక భుజం పెట్టాడు. ఇద్దరి ఎత్తులూ కలవలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది, తను చూడాలనుకున్నది ఇది కాదు. బరువంతా వంకరగా వచ్చి నా మెడ మీద పడింది.

"పైకెత్తండర్రా! ఇంకా పైకి!" అని అరుస్తూనే ఉన్నాను.