సౌండు తీసేసిన పాట

దీవెన అభిమానులంటే మాటలు కాదు. ఉయ్యూరు చర్చి క్వయర్లో ఆడవాళ్లందరూ ఆమె కోసం ఎవరితోనైనా పోట్లాటకు సిద్ధం. వాళ్లందరికీ నాయకురాలు దీవెన నాయనమ్మ ఆదెమ్మ. ఇంత సైన్యం పెట్టుకుని కూడా పాపం ఆ పిల్ల పాట పైకి రావడం లేదు.

దీవెన సొంతంగా పాడి పాటల యాప్‌లో పెట్టిన మొదటి ప్రేమపాట అది. నెలాఖరుకి టాప్ టెన్‌లోకి వస్తే రెండో పాట తీస్తామని విజయవాడ మ్యూజిక్ కంపెనీవాళ్లు అన్నారు. తమ్ముడు ఆరోన్ తను పనిచేసే ఆటోనగర్ షెడ్డులో రిపేరుకొచ్చిన ప్రతి బండిలోనూ ఆ పాటే మోగించాడు. ఆదెమ్మ క్వయర్ వాళ్లందరి ఫోన్లలో యాప్ వేయించి, పాట పొద్దస్తమానం తిరగాల్సిందేనని హుకుం జారీ చేసింది. అయినా పాట ఇరవైల్లోనే చతికిలబడింది. తన గొంతే బాగాలేదేమోనని దీవెన లోలోపల కుమిలిపోయింది.

ఒక సాయంత్రం దీవెన ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ మీద నాయనమ్మ ఫోన్‌లో పాట తిరుగుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"సౌండేది నాయనమ్మా?"

"శ్రమకాలం కదే, యేసయ్య శ్రమలు తలుచుకునే రోజులు! ఈస్టర్ దాకా ప్రేమపాటలు వినకూడదు. అందుకే అందరం సౌండు తీసేసి పెట్టాం. నీ పాటా తిరుగుద్ది, మా నిష్ఠా చెడదు," అంది ఆదెమ్మ గర్వంగా.

దీవెన నెత్తి పట్టుకుంది. "సౌండు లేకపోతే యాప్ లెక్కలోకి తీసుకోదు నాయనమ్మా!" అని, అంతలోనే ఆగిపోయింది. "అంటే... నా పాట నువ్వు ఒక్కసారి కూడా వినలేదా?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఆదెమ్మకి గుండె తరుక్కుపోయింది. వెంటనే అందరికీ ఫోన్లు కొట్టింది. "సౌండు పెట్టండర్రా! పాస్టరు అయ్యగారికి నేను చెప్పుకుంటాను."

తర్వాత కుర్చీలో కూర్చుని పాటంతా విన్నది.

"ఎవడే ఆ కుర్రాడు?"

"పాటలో కుర్రాడు నాయనమ్మా! నిజంగా ఎవరూ లేరు."

"అయితే సరే. మళ్లీ పెట్టు."

నెలాఖరుకి పాట తొమ్మిదో స్థానంలో కూర్చుంది. ఈస్టర్‌కి ఇంకా వారం ఉందనగా కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. "కంగ్రాట్స్ అండీ! రెండో పాట మొదలుపెడదాం. ఇంతకీ మీ ప్రమోషన్ ఎవరు చూశారండీ?"

వంటింట్లో ఆదెమ్మ గోంగూర వలుస్తూ, గొంతెత్తి ఆ ప్రేమపాటే పాడుతోంది.

"ఆవిడేనండీ," అంటూ దీవెన ఫోన్ అటు తిప్పింది.