కాటా దగ్గర మనిషి పేరు

ముందుగా, చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి, మీరే సర్దుకోండి. రాయడం కూడా నిదానమే. ఉగాదికి మొదలుపెట్టిన కథ ఇప్పటికి అయింది. ఇది నేను అల్లిన కథ. మార్కెట్ ఏ ఊరిదో రాయలేదు.

*

మునిలక్ష్మమ్మది మిట్టేమరి. మొగుడు వెంకటరాయప్ప, ఆమె కలిసి మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు పెంచుతారు. వెంకటరాయప్ప ఒకసారి అటక మీదనుంచి పడి నడుము దెబ్బ తీసుకున్నాడు. అప్పటినుంచి పురుగుల దగ్గర ఆయన ఉంటాడు, పట్టుగూళ్లు మార్కెట్‌కు మునిలక్ష్మమ్మే తీసుకుపోతుంది. బాగేపల్లి వైపునుంచి, చింతామణి వైపునుంచి, జంగమకోటె పల్లెలనుంచి రైతులు తెల్లవారక ముందే వచ్చి చేరే సర్కారు మార్కెట్ అది.

పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఒక వాడుక ఉంది. గూళ్లు ఒలిచే రోజు పనికి వచ్చిన ప్రతి ఆడమనిషి కొంగులోనూ పిడికెడు గూళ్లు వేసి పంపుతారు. కూలి కూలే, పిడికెడు పిడికెడే. ఆ ఇల్లు చల్లగా ఉండాలని తీసుకున్నవాళ్లు ఒక మాట అనిపోతారు. ఇచ్చే చేతికీ, తీసుకునే చేతికీ సంతోషమే.

మార్కెట్‌లో ఆ వాడుకే వేరే వేషం వేసుకుంది. గేటు దగ్గర కాపలా ఆయన మూట విప్పించి, "ఈసారి పంట బాగుండాదే" అంటూ ఒక పిడికెడు తీస్తాడు. మూటలు దించేవాడు ఒక పిడికెడు. లాటు నంబరు ఇచ్చే ఆయన శాంపుల్ అని రెండు చేతులా తీస్తాడు. నేల చిమ్మే చౌడమ్మ అయితే చేయి పెట్టదు. చీపురు గోడకానించి, కొంగు పట్టుకుని నవ్వుతూ నిలబడుతుంది. మునిలక్ష్మమ్మే తీసి వేస్తుంది.

"మీ ఆయప్ప నడుమెట్ల ఉండాదమ్మా?"

"నడుము బాగనే ఉండాది చౌడక్కా. నోరే ఆగేది లేదు."

"నోరు పనిచేస్తాంటే మొగోడు బాగున్నట్లే లే."

ఇంత మాట్లాడుకున్నాక పిడికెడు గూళ్లు ఒక లెక్కలోవి కావు. మునిలక్ష్మమ్మకు కడుపు మండేది అక్కడ కాదు, కాటా దగ్గర. వేలంలో ధర కుదిరి, గూళ్లు కొని నూలు తీసే రీలర్ ఒప్పుకున్నాక అవి కాటా ఎక్కుతాయి. అక్కడుండే మనిషి కాటా వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, వానాకాలమైనా ఎండాకాలమైనా ఒకటే మాట అంటాడు: "తడి ఉండాది. తరుగు." తూకంలోనుంచి తనకు తోచినంత కొట్టేసి చీటీ రాస్తాడు. తరుగు కింద పోయిన గూళ్లను ఒక పిల్లవాడు బుట్టతో ఎత్తి వెనక గదిలో పోస్తాడు. సాయంత్రానికి ఆ గది నిండుతుంది. మర్నాటికి ఖాళీ అవుతుంది. అవి ఎటు పోతాయో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

మునిలక్ష్మమ్మ ఒకసారి అడిగింది. ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించింది. గూడు బాగా ఆరి ఉంటే లోపలి పురుగు గలగలమంటుంది.

"వినప్పా, గలగలంటాంది. దీంట్లో తడి యాడుండాది?"

"నీ చెవిలో ఉండాదేమో చూసుకోమ్మా. కాటాలోది నేను చూస్తాండా గదా."

వెనకున్న రైతులు నవ్వారు. నవ్వినవాళ్ల గూళ్లకూ కాసేపట్లో అంతే తరుగు పోయింది.

ఉగాది తర్వాత మార్కెట్‌కు కొత్త ఆఫీసర్ వచ్చాడు. పేరు మోహన్‌కుమార్. వయసు తక్కువ. గదిలో కూర్చోకుండా పొద్దున్నే గూళ్లు పోసే తొట్ల మధ్య తిరిగాడు. రైతులతో పాటు నిలబడి టీ తాగాడు. ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదని గేటు మీద కన్నడంలో పెద్ద బోర్డు రాయించాడు. కాటా పైన కెమెరా పెట్టించాడు. రైతులు మెల్లగా ఒకరికొకరు చెప్పుకున్నారు, ఈయన వేరే రకమని. పనిచేసే మనిషిని చూస్తేనే తెలిసిపోతుందని అన్నవాళ్లు కూడా ఉన్నారు.

ఒక రోజు వేలం అయ్యాక ఆయన రేకుల షెడ్డు కింద మైకు పెట్టించి రైతులందరినీ కూర్చోబెట్టాడు.

"మీరు హెదరుకోవద్దు. భయం వద్దు. ఇక్కడ ఏమి జరుగుతాందో మీ నోట్లో వినాలి నేను. మీరు చెప్తే దూరు రాసుకుంటాం. దూరు ఉంటే క్రమం తీసుకుంటాను."

దూరు అంటే ఫిర్యాదు, క్రమం అంటే చర్య. మైకు చేతినుంచి చేతికి పోయింది గానీ ఎవరూ నోరు తెరవలేదు. మునిలక్ష్మమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది. ఈ మనిషికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి అనుకుంది. మన పల్లె ఆడవాళ్లు ఏ సంగతి చెప్పినా ఇంటినుంచి బయల్దేరిన దగ్గరనుంచి చెబుతారు. ఆమె కూడా గేటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పిడికెడూ దాటుకుంటూ, కాటా దగ్గరికి వచ్చి, తరుగు గురించి, వెనక గది గురించి అంతా చెప్పింది. ఆఫీసర్ ఆమె వైపు రెండడుగులు వేశాడు.

"బాగుంది అమ్మా. ధైర్యంగా చెప్పినారు. పేర్లు చెప్పండి. పేరు లేకుంటే దూరు నిలబడదు."

మునిలక్ష్మమ్మ ఆగిపోయింది. గేటు దగ్గర ఉండేది కాపలా అప్ప. మూటలు దించేది అన్న. నంబరు ఇచ్చేది సారు. కాటా దగ్గరుండేది కాటా సారు. ఇన్నేళ్లుగా చూస్తున్న మొహాలే. వాళ్ల చొక్కాల రంగులు తెలుసు, దగ్గులు తెలుసు. పేర్లు తెలియవు. ఆఫీసు మనిషిని పేరు అడగడం ఏ రైతూ ఎప్పుడూ చేసిన పని కాదు. అది మర్యాద కాదని చిన్నప్పటినుంచీ అందరికీ తెలుసు.

"కాటా సారు, సామీ."

"ముగ్గురు ఉన్నారు అమ్మా కాటాకు, వంతులవారీగా. పేరు కావాలి. ఒక్కరి పేరైనా తెలీదా?"

ఏమీ చెప్పకపోతే ఇంతసేపు చెప్పింది అబద్ధమవుతుందేమోనని ఆమెకు కంగారు పుట్టింది.

"పేరంటే... చిమ్మే చౌడమ్మ పేరు తెలుసు సామీ. కానీ ఆయమ్మ..."

ఆ 'కానీ' తర్వాతి మాట మైకులో పడలేదు. మైకు అప్పటికే పక్క మనిషి చేతికి పోయింది. గుమాస్తా తల వంచి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం మునిలక్ష్మమ్మ ఇంటికి పోయి వెంకటరాయప్పకు అంతా చెప్పింది. ఆయన గోడకు ఆనుకుని విన్నాడు.

"పేరడిగినాడా? పేరడిగినాడంటే పని చేసేవాడే. ఉత్తుత్త వాళ్లు పేరడగరు."

"చౌడక్క పేరొక్కటే చెప్పినా. నాకదే బాగలేదు."

"పిడికెడు గూళ్లకు ఎవురేం చేస్తారే. అసలు దొంగ కాటా దగ్గరుండాడని నువ్వు చెప్పినావు గదా, సాలు."

తరుగు లేకుండా ఒక్క పంట అమ్మితే కొత్త చంద్రికలు కొనవచ్చని ఇద్దరూ అనుకున్నారు. పురుగు గూడు కట్టుకునే ఆ చాపల్లాంటివి పాతవి పూర్తిగా చిరిగిపోయి ఉన్నాయి.

తర్వాతి పంట తీసుకుని వచ్చిన రోజు గేటు దగ్గర చౌడమ్మ లేదు. ఎవరో తెలియని కుర్రవాళ్లు నీలం చొక్కాలు వేసుకుని చిమ్ముతున్నారు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. చదివినవాణ్ణి అడిగితే చెప్పాడు: రైతుల దూరు మేరకు విచారణ జరిపి, గూళ్లు తీసుకున్న చౌడమ్మను పనిలోనుంచి తీసేశారట. లంచానికి తావు లేదని కింద రాశారట.

కాటా దగ్గర అదే మనిషి, అదే ఆకాశం. "తడి ఉండాది. తరుగు." కెమెరా ఎర్రటి చుక్కతో అంతా చూస్తూనే ఉంది.

చౌడమ్మ రోడ్డుకవతల బస్సులు ఆగేచోట ఉడకబెట్టిన చెనక్కాయలు బుట్టలో పెట్టుకుని కూర్చుని ఉంది. మునిలక్ష్మమ్మ పోయి ముందు నిలబడింది.

"కూకోమ్మా. ఇప్పుడు నిన్ను పిడికెడు అడగను లే."

"చౌడక్కా, నేను కాటా ఆయన గురించి చెప్పినా. నీ గురించి కాదు."

"అట్లనా. కాగితంలో నా పేరే ఉండాదంటనే."

"పేరు చెప్పమన్యారు. నాకు తెలిసింది నీ పేరే."

చౌడమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. "అంతమందిలో పేరుండేది నాకొక్కదానికే చూడు."

"ఆయన పేరు నీకు తెలిసే ఉంటాది. చెప్పక్కా. పోయి చెప్పి నీ పేరు తీసేపిస్తా."

"తెలుసు. చెప్పను. నా కొడుకు లోపల మూటలు మోస్తాండాడు. నీకు పేరిచ్చి వాణ్ణి గూడ ఈడ కూకోబెట్టుకోనా?"

మునిలక్ష్మమ్మ అక్కడినుంచి నేరుగా ఆఫీసర్ గదికి పోయింది. మోహన్‌కుమార్ గుర్తుపట్టాడు, కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"చౌడమ్మ పేరు కొట్టేయండి సామీ. ఆయమ్మ ఎప్పుడూ చేయి పెట్టలేదు. నేనే ఇచ్చినా."

"విచారణ అయిపోయింది అమ్మా. ఆమె ఒప్పుకుంది."

"ఒప్పుకోక ఏం చేస్తాది, కొంగులో ఉంటే. మరి వెనక గది?"

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "అసలు మనిషి పేరు దూరులో ఉంటే నేను మళ్లీ ఫైలు తెరుస్తాను. ఆమె సంగతి కూడా చూస్తాను. పేరు ఇవ్వండి."

"మీ ఆఫీసులో మనిషి సామీ. మీకు తెలీదా?"

"నాకు తెలిసింది దూరు కాదమ్మా. మీరు చెప్పేదే దూరు."

ఆయన మంచివాడే కావచ్చు. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. మంచివాడైతే మాత్రం ఏం చేసుకోవాలో మునిలక్ష్మమ్మకు అర్థం కాలేదు. కాటా మనిషి పేరేమని తోటి రైతులను ఒక్కొక్కరినే అడిగింది. ఒకరు బీడీ వెతుక్కున్నారు, ఒకరు ఫోన్ చూసుకున్నారు. అందరి గూళ్లూ ఆ కాటా మీదికే ఎక్కాలి.

ఆ తర్వాతి పంటకు ఆమె వేలంలో ధర ఒప్పుకుంది. గూళ్లు కాటా ఎక్కాయి. కాటా మనిషి నోరు తెరవక ముందే ఆమె రెండు చేతులూ గూళ్ల మీద పెట్టింది.

"నీ పేరేమప్పా?"

"ఏంది?"

"పేరు. మీ అమ్మ పెట్టిందుంటాది గదా."

"సారు అను, సాలు. చేతులు తియ్యి."

"పేరు చెప్పు, తీస్తా."

"ఏమ్మా, సంబంధం చూస్తాండావా నాకు?"

వెనక వరసలో ఇదివరకులాగే నవ్వులు. కానీ ఆమె కదలలేదు. నవ్వులు అయిపోయాయి. ఎండ రేకుల కిందికి జరిగింది. "మునిలక్ష్మమ్మా, జరుగమ్మా, మా గూళ్లు ఉడికిపోతాండాయి" అని ఒకరు, "ఈయమ్మకొక్కదానికే పోయిందా తరుగు" అని ఇంకొకరు. ఆ మాటలు కాటా మనిషి అన్నదానికంటే ఎక్కువ తగిలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం తీయలేదు.

ఆమె గూళ్లు కొన్న రీలర్ నాగరాజ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన నూలు తీసే షెడ్డులో బాయిలర్ వెలిగించి కూలీలు కాచుకుని ఉన్నారు. ఫోన్ మీద ఫోన్ వస్తోంది. ఆయన విసుగ్గా అరిచాడు.

"ఏయ్ అమరేషూ, ఆ పేరేదో చెప్పి పంపించెయ్యప్పా. నా కట్టెలు కాలిపోతాండాయి ఆడ."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాగరాజ్ నాలుక కరుచుకున్నాడు. మునిలక్ష్మమ్మ చేతులు తీసింది.

"అమరేషా," అంది మెల్లగా, మరిచిపోకుండా నోట్లో పెట్టుకున్నట్టు.

అమరేష్ తరుగు కొట్టి చీటీ చేతిలో పెట్టాడు. "మా ఊరు హొసూరు, గౌరిబిదనూరు తాలూకా. అదీ చెప్పు. నీది మునిలక్ష్మమ్మ, మిట్టేమరి. నాకూ గుర్తుంటాది."

ఆమె పోయి పేరు చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు, వేలిముద్ర వేయించుకున్నాడు. మోహన్‌కుమార్ ఈసారి లేచి నిలబడి, "ఇది నిలబడుతుంది అమ్మా" అన్నాడు. చౌడమ్మ సంగతి అడిగితే గొంతు తగ్గించాడు. చిమ్మే పని గుత్తకు ఇచ్చేశారట. ఇక తన చేతిలో లేదట.

ఇంకో పంట వచ్చింది. మునిలక్ష్మమ్మ బస్సు దిగి, మూట విప్పి, పిడికెడు గూళ్లు తీసి రోడ్డుకవతల చౌడమ్మ ముందు చాపింది.

చౌడమ్మ కొంగు పట్టలేదు. గేటు మీద బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "నేరమంట. చదువుకున్యోళ్లు రాసినారు. తీసుకుపో." ఒక దోసెడు చెనక్కాయలు తీసి ఆమె సంచిలో పోసింది. "ఇది కాదు లే నేరం. నా కష్టం."

లోపల కాటా దగ్గర అమరేష్ లేడు. కొత్త మనిషి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. మునిలక్ష్మమ్మకు గుండెలో ఏదో తేలికైంది. ఇంటికి పోయి వెంకటరాయప్పకు ఏమని చెప్పాలో కూడా అనుకుంది. అంతలో చూస్తే అమరేష్ అటువైపు లాటు నంబర్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, రెండు చేతులా శాంపుల్ తీస్తూ. దూరు మీద తీసుకున్న క్రమం అదేనన్నమాట.

ఆమె గూళ్లు కాటా ఎక్కాయి. కొత్త మనిషి కాటా వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"తడి ఉండాది. తరుగు."

మునిలక్ష్మమ్మ వెనక్కి తిరిగి వరస చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ తొందర పెట్టనూ లేదు. ఆమె సంచి కింద పెట్టి, రెండు చేతులూ గూళ్ల మీద ఆనించింది.

"నీ పేరేమప్పా?"

*

వనజమ్మ
వయసు అరవై ఆరు
ఇప్పుడు ఉండేది చింతామణిలో