మంగతాయారు కొన్న విటమిన్ సీసా

నేను ఒక విటమిన్ సీసాను. తేనెరంగు ప్లాస్టిక్ ఒళ్ళు, తెల్లటి మూత, కడుపు నిండా ఎర్రటి మెత్తటి గుళికలు. ఉత్తరాదిన కొండల పక్కనున్న ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ కాగితాలు అంటించే యంత్రం ఊపిరి తీసుకోనివ్వదు. అందుకని నా ఒంటిమీద ఏం రాశారో నాకు తెలియకుండానే పెట్టెలో పడ్డాను. ముందువైపు పొడుగు జడ అమ్మాయి బొమ్మ ఉందనీ, దాని కింద ‘జుట్టుకు, చర్మానికి, నిండైన బలానికి’ అని ఉందనీ తర్వాత మనుషుల మాటల్లోనే విన్నాను. వెనకవైపు చీమల బారులాంటి సన్నటి అక్షరాలున్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

లారీలూ గోదాములూ దాటి నిడదవోలులో ఒక మందుల షాపు అలమర చేరాను. అక్కడికి ఒకరోజు మంగతాయారు వచ్చింది. యాభై దాటిన మనిషి, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

“మా తమ్ముడి భార్యకండి. పిల్లల కోసం చూస్తున్నారు. ఒంటికి బలం పట్టేది ఏదైనా ఇవ్వండి,” అని అడిగింది.

షాపాయన రెండు మూడు సీసాలు బల్లమీద పెట్టాడు.

“వీటిల్లో ఎక్కువ విటమిన్లు దేంట్లో ఉన్నాయండి?”

ఆయన నన్ను చూపించాడు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. మనుషులు వంకాయని కూడా తిప్పి తిప్పి చూసిగానీ కొనరు. నన్ను మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు. ప్రేమగా సంచిలో వేసుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కింది.

ఆ తమ్ముడి పేరు వీరభద్రం. మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. అతని భార్య సువర్చల బస్సు కండక్టరు. కిందటేడు ఆమె కడుపుతో ఉండగా, అయిదో నెల స్కానింగులో బిడ్డ వెన్నెముక మూసుకోలేదని తేలింది. ఆ బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ ప్రయత్నిద్దామనుకుంటున్నారు. ఆ కబురు తెలిసినవాళ్ళందరూ తలో బలమూ తెచ్చిచ్చారు. నన్ను పెట్టిన గూట్లో అప్పటికే వీరభద్రం కొన్న చేప కాలేయం నూనె గుళికలున్నాయి. పక్కింటావిడ ఇచ్చిన లేహ్యం డబ్బా ఉంది. దాని మీద పేరు కూడా లేదు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళబోతూ సువర్చల నా మూత తీసింది. ఒక గుళిక అరచేతిలో వేసుకుంది. నోట్లో వేసుకోబోయి ఆగింది. నన్ను వెనక్కి తిప్పింది.

అక్షరాలు కంటికి ఆనలేదు కాబోలు, ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. నా లోపల ఏముందో నేను మొదటిసారి విన్నది అప్పుడే. కొన్ని పేర్లు పలకడానికి ఆమెకే నోరు తిరగలేదు. విటమిన్ ఎ దగ్గర ఆగి, పక్కనున్న చేపనూనె సీసా కూడా తిప్పి చూసింది.

“ఏవండీ, దీంట్లోనూ ఎ విటమినే, దాంట్లోనూ ఎ విటమినే. రెండూ కలిపి వేసుకోవచ్చంటారా?”

“ఎక్కువుంటే మంచిదేగా,” అన్నాడు వీరభద్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె అన్నిటికన్నా కింద ఉన్న వాక్యం చదివింది. గర్భిణులు, గర్భం కోరుకునేవారు డాక్టరును అడగకుండా వాడకూడదట. అది ఇన్నాళ్ళూ నా వీపు మీదే ఉంది.

సువర్చల ఆ గుళికను తిరిగి నాలో వేసింది. “పోయినసారి ఏ సంగతీ తెలుసుకోకుండానే అంతా అయిపోయింది. ఈసారి అడిగాకే ఏదైనా వేసుకుంటాను,” అంది.

వీరభద్రం గూట్లో ఉన్నవన్నీ తనే ఒక గుడ్డసంచిలో సర్దాడు.

ఆ వారంలోనే డాక్టర్ విక్టోరియా దగ్గరికి వెళ్ళారు. మంగతాయారు కూడా వెంట వచ్చింది. తను కొన్నదాన్ని డాక్టరుకి చూపిస్తారని తెలిసి కాస్త ముభావంగా ఉంది. విక్టోరియా మమ్మల్నందరినీ బల్లమీద వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ తిప్పి చదివింది. పరీక్షకి కూర్చున్న పిల్లవాడిలా ఉంది నా పని.

“ఇది చెడ్డ మందని కాదమ్మా,” అంది నన్ను పట్టుకుని. “నీకు ఇప్పుడు పనికిరాదు. ఇందులో ఉన్నది రెటినాల్ అనే రకం ఎ విటమిను. అది మోతాదు మించితే కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడేటప్పుడు హాని చెయ్యొచ్చు. చేప కాలేయం నూనెలో ఉన్నదీ అదే. ఆకుకూరలు, క్యారెట్ మామూలుగా తిను, వాటితో భయం లేదు.”

“మరి లేహ్యమండీ?”

“ఏం కలిపారో రాయని దాన్ని నేనెలా తినమంటాను?”

తర్వాత ఆవిడ చీటీ మీద ఒకటే మాత్ర రాసింది. ఫోలిక్ యాసిడ్. “బిడ్డ వెన్ను మొదటి నెలలోనే మూసుకుంటుంది. చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. అందుకని ఇది ముందునుంచే వేసుకోవాలి. పోయినసారి అలా జరిగింది కాబట్టి నీకు ఎక్కువ మోతాదు రాస్తున్నాను. ఈ మోతాదు నీ ఒక్కదానికే, ఇంకెవరినీ వేసుకోమనకు. రెండు మూడు నెలలు వేసుకున్నాకే ప్రయత్నించండి. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చూశాక ఇంకేమైనా కావాలంటే అప్పుడిస్తాను.”

“ఇది వేసుకుంటే మళ్ళీ అలా అవదా అండీ?”

“అవదని మాటివ్వలేనమ్మా. అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. పోయినసారి జరిగింది మాత్రం నీ తప్పు కాదు.”

సువర్చల తల వంచుకుంది. వీరభద్రం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“మీ రెండు కుటుంబాల్లో ఇంకెవరికైనా ఇలా వెన్ను మూసుకోని బిడ్డ పుట్టిందా?” అని అడిగింది విక్టోరియా.

“లేదండి,” అన్నాడు వీరభద్రం.

“నాకు పుట్టాడు,” అంది మంగతాయారు.

వీరభద్రం వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ గోడ పక్క కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“వీడప్పటికి బళ్ళో చదువుతున్నాడు, వీడికి తెలీదు. తొలి కాన్పు. నడుం దగ్గర తెరుచుకుని ఉంది. రెండ్రోజులు బతికాడు. గ్రహణం రోజున నేను కూర తరిగానంట, అందుకే అలా పుట్టాడని మా అత్తగారన్నారు. నేను తరగలేదండి. ఆ రోజు నేను మంచం కూడా దిగలేదు.” ఒళ్ళో సంచి సర్దుకుని, “అయినా తరిగానేమోలే అనుకుంటా ఇన్నేళ్ళూ గడిపేశాను,” అంది.

“గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు,” అంది విక్టోరియా. “మీరు కూర తరిగినా అది మీ వల్ల జరిగినట్టు కాదు. మీరు ఇప్పుడు చెప్పింది నాకు చాలా అవసరమైన సంగతి.”

మంగతాయారు కొంగుతో ముఖం తుడుచుకుంది. సువర్చల లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

“నాకెందుకు చెప్పలేదు వదినా, పోయినసారి?”

“నీకు అలా అయిందంటే అది మా ఇంటి నుంచే అంటిందేమోనని భయమేసిందమ్మా. అందుకే ఆ బలం మందు కొన్నాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు.”

నా గుళికలన్నీ అక్కడే వదిలెయ్యమన్నారు. వాటిని మందుల చెత్తలో వేయిస్తామని నర్సు ఒక డబ్బాలోకి ఒంపుకుంది. నన్ను కూడా అందులో పడేయబోతుంటే మంగతాయారు చెయ్యి చాచింది. సీసా గట్టిగా ఉంది, పారేయడమెందుకంది. కాగితం గీకేసి, కడిగి, ఎండలో ఆరబెట్టి, జాకెట్ల హుక్కులు పోసి కుట్టుమిషను పక్కన పెట్టుకుంది. జడ అమ్మాయి పోయింది, చీమల బారూ పోయింది. ఇప్పుడు నాలో ఏముందో చూడగానే ఎవరికైనా తెలుస్తుంది. అది నాకు హాయిగానే ఉంది.

సువర్చల సంగతి ఏమైందో తెలుసుకోవాలని మాత్రం మనసు పీకేది. నెల తప్పిందని ఒకసారి విన్నాను. ఆ తర్వాత మంగతాయారు ఫోను మోగినప్పుడల్లా నేనూ చెవి ఒగ్గేదాన్ని.

ఒక మధ్యాహ్నం వీరభద్రం ఫోను చేశాడు. ఆవిడ మిషను ఆపి నిలబడింది. ఫోను పెట్టేశాక, వరండాలో పేపరు చదువుకుంటున్న భర్త నరసింహమూర్తి దగ్గరికి వెళ్ళింది.

“స్కానింగు అయిందంట. బిడ్డ వెన్ను చక్కగా మూసుకుందంట. అంతా బాగానే ఉందందంట డాక్టరమ్మ.”

“మంచి కబురు చెప్పావ్,” అన్నాడాయన.

ఆవిడ లోపలికి రాలేదు. అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“మన బాబుకి నేనో పేరు పెట్టుకున్నానండి అప్పట్లో. ఎవరికీ చెప్పలేదు.”

పేపరు చప్పుడు ఆగింది. ఆయన, “ఏం పేరు?” అన్నాడు.

“కోదండం.”

ఆయన ఆ పేరును మెల్లగా ఒకసారి పలికి చూశాడు. “నన్ను అప్పుడు లోపలికి రానివ్వలేదు మంగా. చూస్తే మంచిది కాదన్నారు. ఎవరి పోలిక?”

ఆవిడ వెళ్ళి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అచ్చం మీ ముక్కే,” అంది.