పగటి రేటు

విల్మా హుడాక్ వంటగదిలో ఫోను గోడకి బిగించి ఉండేది. దాని పక్కనే ఒక అట్టముక్క మీద ట్రంకాళ్ళ రేట్లు గుండ్రటి అక్షరాలతో రాసి తగిలించింది. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా పూర్తి రేటు. అయిదు దాటితే మూడోవంతు తగ్గుతుంది. శనివారమంతా, ఆదివారం సాయంత్రం వరకూ సగానికన్నా తక్కువ. ఆమెకి ఇదంతా కంఠతా వచ్చు. ఆ అట్టముక్క ఇంట్లో మిగతావాళ్ళ కోసం. మిగతావాళ్ళంటే మొగుడు ఆండీ ఒక్కడే, వాళ్ళకి పిల్లల్లేరు.

"ఫోను మోగితే నీకు టాక్సీ మీటరు తిరుగుతున్నట్టు వినిపిస్తుందే," అనేవాడు ఆండీ.

"అలా వినిపించబట్టే మనింట్లో ఇంకా దీపం వెలుగుతోంది," అనేది విల్మా.

అందులో అబద్ధమేమీ లేదు. ఉక్కు మిల్లు మూతపడి ఏడాదిన్నర అయింది. ఆండీ ఇప్పుడొక కొట్లో మేకులూ రంగుడబ్బాలూ అమ్ముతూ వెనకటి జీతంలో సగం తెస్తున్నాడు. కైమా పౌను డాలరున్నరైంది. కాఫీ మూడు డాలర్లకి దగ్గర పడింది. పెట్రోలు గాలన్ డాలరు కాబోతోందని ఒహాయోలో ప్రతి క్షవరశాలలోనూ చెప్పుకుంటున్నారు. విల్మా ఆదివారం పేపర్లోంచి కూపన్లు కత్తిరించి, కొట్ల వారీగా కవర్లలో సర్దుకుని, మూడు కొట్లు తిరిగి సామాను తెచ్చేది. రోజూ పదకొండింటికి టీవీలో వస్తువుల ధరలు ఊహించి చెప్పే పోటీ వచ్చేది. అదంటే ఆమెకి ప్రాణం. అందులో గంతులేసే ఆడవాళ్ళు చేపల డబ్బా ధర తప్పు చెబితే, ఇస్త్రీబల్ల దగ్గర్నుంచే "ఎనభై తొమ్మిది సెంట్లు, మొద్దూ! నువ్వెప్పుడైనా కొట్టుకెళ్ళావా?" అని కసిరేది.

చెల్లెలు రోజలీతో చేసుకున్న ఏర్పాటు కూడా విల్మా బుర్రలో పుట్టిందే. తల్లి పోయేటప్పటికి రోజలీకి ఏడేళ్ళు, విల్మాకి పదిహేడు. స్కూలుకి పంపడం దగ్గర్నుంచి పెళ్ళి చెయ్యడం దాకా విల్మాయే చూసుకుంది. మిల్లు పోయాక రోజలీ మొగుడు డేల్, చాలామంది లాగానే, హ్యూస్టన్‌లో చమురు పనులున్నాయని పెళ్ళాన్నీ రెండేళ్ళ కూతురు టీనానీ తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు విల్మా చెల్లెలికి పాఠం చెప్పింది. ఫోన్లో ఆపరేటర్ని పిలిచి కలెక్ట్ కాల్ అడగాలి. అంటే ఖర్చు ఎత్తినవాళ్ళది. ఆపరేటరు ఇక్కడికి ఫోను చేసి ఫలానావాళ్ళు పిలుస్తున్నారు, డబ్బు మీరిస్తారా అని అడుగుతుంది. ఇవ్వం అంటే కాల్ తెగిపోతుంది, ఎవరికీ పైసా ఖర్చుండదు. కానీ పేరు వినిపిస్తుంది కదా! ఆ వీధిలో సగం ఇళ్ళు ఇదే పని చేసేవి.

"రోజలీ అని నీ పేరే చెబితే అంతా క్షేమం అని అర్థం. నేను వద్దంటాను. శనివారం నేనే నీకు చేస్తాను. కష్టమొచ్చిందనుకో, అన్నా బరాన్ అని చెప్పు. అప్పుడు ఎంతైనా సరే ఒప్పుకుంటాను."

అన్నా బరాన్ వాళ్ళ నాయనమ్మ. పోయి పదకొండేళ్ళయింది.

"ముసలావిడ బతికినన్నాళ్ళూ ఫోనుని ముట్టుకోలేదు," అని రోజలీ పడీపడీ నవ్వింది. "ఇప్పుడు సమాధిలోంచి లేపి ట్రంకాల్ చేయిస్తావుటే?"

ఏడాది పాటు నాయనమ్మని లేపే అవసరం రాలేదు.

1979 ఏప్రిల్‌లో ఒక మంగళవారం, టీవీలో పోటీ జరుగుతుండగా ఫోను మోగింది. ఒకామె ఫ్రిజ్ ధర చెప్పబోతోంది. విల్మా ఇస్త్రీపెట్టె నిలబెట్టి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఫోను అందుకుంది.

"రోజలీ అనే ఆమె దగ్గర్నుంచి కలెక్ట్ కాల్. ఖర్చు మీరు ఒప్పుకుంటారా అమ్మా?"

ఆపరేటరు గొంతు వెనక ఇంకో శబ్దం వినిపించింది. ఏడుపు బయటికి రాకుండా మింగుతున్నప్పుడు వచ్చే ఊపిరి. ఆ ఊపిరి విల్మాకి కొత్తదేం కాదు. తల్లి పోయిన ఏడాది పక్క మంచం మీద రోజూ విన్నదే. దూరంగా లౌడ్‌స్పీకర్లో ఎవరో ఊళ్ళ పేర్లు వరసగా చదువుతున్నారు.

విల్మా ఒక్క క్షణం ఆగింది. మంగళవారం. పగటి రేటు. అందులోనూ ఆపరేటరు కాల్, మూడు నిమిషాలకే రెండు డాలర్లు దాటుతుంది. చెప్పిన పేరు రోజలీయే కదా, నాయనమ్మ పేరు కాదు కదా. జలుబు చేసి ఉంటుంది.

"వద్దండీ, థాంక్స్," అంది ఎప్పటిలాగే హుషారుగా.

ఫోను పెట్టి టీవీ వైపు తిరిగేసరికి ఫ్రిజ్ ధర చెప్పేశారు.

ఆ సాయంత్రం అయిదు దాటాక ఒకసారి ఫోను దాకా వెళ్ళింది. రూలు ప్రకారం శనివారం చెయ్యాలి. ఇప్పుడు చేస్తే తన రూలు తానే తప్పినట్టు. వెనక్కి వచ్చి బంగాళాదుంపలు తొక్కతీసింది. బుధవారం కూడా ఫోను వంక చూసింది. శనివారం తొమ్మిది కొట్టగానే హ్యూస్టన్‌కి చేసింది.

"రోజలీకి ఇవ్వు డేల్."

"నాటకాలొద్దు విల్మా," అన్నాడు డేల్. "నీ దగ్గరే ఉందిగా? సోమవారం పిల్లని చంకనేసుకుని పోయింది. దానికే ఇవ్వు ఫోను. చెయ్యి చేసుకున్న మాట నిజమే, తప్పయిందని చెప్పు."

విల్మా ఫోను చెవి దగ్గర్నుంచి దించేసింది. అవతల డేల్ "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె కొట్టుకి వెళ్ళడం కూడా మానేసింది, ఫోను మోగితే ఇంట్లో ఎవరూ ఉండరేమోనని. ఆదివారం పేపరు మడత విప్పకుండా పడి ఉండేది. జరిగింది ఆండీకి చెప్పింది. అంతా చెప్పలేదు. పేరు రోజలీ అని వచ్చిందనీ, తను వద్దందనీ చెప్పింది. ఆ ఊపిరి సంగతి చెప్పలేదు.

"నీ తప్పేముందే ఇందులో?" అన్నాడు ఆండీ, ఆమె వీపు నిమురుతూ. "అనుకున్న ప్రకారమే చేశావు. అది చెప్పాల్సిన పేరు చెప్పకపోతే నువ్వేం చేస్తావు?"

అతన్ని ఆపి మిగతాది చెప్పాలనుకుంది. చెప్పలేదు.

మే నెల మధ్యలో, హ్యూస్టన్‌కీ తమ ఊరికీ మధ్యదారిలో ఉన్న మెంఫిస్ నుంచి ఒక కార్డు వచ్చింది. "ఇద్దరం బాగున్నాం. పని దొరికింది. బెంగపెట్టుకోకు. డేల్‌కి చెప్పకు." కింద అడ్రసు. విల్మా ఆ వారమే బయల్దేరతానంది కానీ, ప్రయాణానికి డబ్బు కూడేసరికి జూన్ వచ్చింది. అప్పటికి చమురు కొరతతో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరుతున్నాయి, శని ఆదివారాలు సగం బంకులు తలుపులే తియ్యడం లేదు. కారు మాటెత్తకుండా విల్మా బస్సెక్కింది.

రోజలీ ఉంటున్నది ఒక లాండ్రీ దుకాణం మీది గది. కింద మెషిన్లు తిరుగుతుంటే నేల సన్నగా వణుకుతోంది. ఎదురుగా స్కేటింగ్ చేసుకునే హాలు ఉంది, మధ్యాహ్నం నుంచే డిస్కో పాటలు దడదడలాడుతున్నాయి. టీనా కిటికీ దగ్గర నిలబడి, ఆ పాటలకి నడుం తిప్పుతోంది. రోజలీ హోటలు యూనిఫారంలో ఉంది. నాలుగింటికి డ్యూటీ. సన్నబడింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"ఏమే, ఇలా అయిపోయావు?" అంది విల్మా.

"నువ్వు మాత్రం? మూడు కొట్లు తిరగడం మానేశావా?" అని నవ్వి కౌగిలించుకుంది రోజలీ. వదలడానికి చాలాసేపు పట్టింది.

విల్మా తెచ్చిన, కైమా కూరిన క్యాబేజీ ఆకుల చుట్టలు వేడి చేసుకుని తిన్నారు. టీనా రెండు తిని మూడోదాన్ని బొమ్మకి పెట్టింది. పిల్ల అటు తిరిగాక రోజలీ తనే మొదలుపెట్టింది.

"చేతిలో ఉన్న డబ్బుకి టిక్కెట్టు ఇక్కడిదాకానే వచ్చింది. దిగాక పావలా మిగిలితే, టీనా ఏడుస్తోందని బస్టాండులో డబ్బులేస్తే ఆడే ఆ కుర్చీకి బిగించిన టీవీలో వేశాను. అరగంట బొమ్మలు చూసింది. ఆ అరగంటలో నీకు చేశాను. ఆపరేటరు పేరేమిటంటే నా పేరే నోట్లోంచి వచ్చేసింది. నాయనమ్మ పేరు గుర్తొచ్చేసరికి నువ్వు వద్దనేశావు."

"మళ్ళీ చెయ్యకపోయావా?"

"ఆపరేటరు కూడా అదే అడిగింది. మళ్ళీ కలపనా తల్లీ అని. ఆవిడెవరో, ఎక్కడుందో! వద్దన్నాను. మీకూ మిల్లు పోయింది కదా, ఇద్దరం వచ్చి నెత్తిన పడితే ఎలా అనిపించింది. అక్కడే కూర్చుని ఏడుస్తుంటే బస్టాండు పక్క హోటలావిడ కాఫీ ఇచ్చి, పని చేస్తావా అంది."

విల్మా చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"రాత్రుళ్ళు ఒక్కటే అనుకునేదాన్ని," అంది రోజలీ. "పేరు తప్పు చెప్పింది నేను. విల్మాకేం తెలుసు? తెలిస్తే వద్దంటుందా? ఆ ఒక్క మాటా పట్టుకుని నెట్టుకొచ్చాను."

"ఇంటికి వచ్చెయ్యి," అంది విల్మా. "పక్కగది ఖాళీగానే ఉంది. ఆండీ గోడలకి పసుపు రంగు కూడా వేశాడు, టీనా కోసమని."

రోజలీ కళ్ళు తుడుచుకుంది. "రావాలనే ఉందే. ఈ గదికి నెలాఖరు దాకా అద్దె కట్టేశాను. నెలాఖరుకి వచ్చేస్తాం."

విల్మా వచ్చింది ఈ మాట కోసమే. బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నది దీనికోసమే. ఇప్పుడు లేచి గిన్నెలు కడిగేసి సాయంత్రం బస్సెక్కితే సరిపోతుంది. నెల తిరిగేసరికి పసుపుగదిలో చెల్లెలూ పిల్లా ఉంటారు. ఒక్క సంగతి కడుపులో దాచుకుంటే చాలు. రోజూ బల్ల ముందు కూర్చుని, ఆ పిల్లకి పాలు పోస్తూ దాచుకోవాలి. చెల్లెలు 'నీకేం తెలుసు' అంటున్నప్పుడల్లా దాచుకోవాలి.

"రోజలీ, నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు ఏడుస్తున్నావని. ఆపరేటరు మాట్లాడుతుంటే వెనక వినిపించింది. బస్టాండు చప్పుడు కూడా. పేరు వంక పెట్టుకున్నాను. పగటి రేటు కదా అనుకున్నాను."

కింద మెషిన్ ఏదో ఆగింది. నేల వణుకు తగ్గింది. రోజలీ మొహంలో కోపం కనిపిస్తుందేమోనని విల్మా చూసింది. కోపం వస్తే బాగుండేది. తిడితే, గిన్నె విసిరితే, బతిమాలుకోవడానికి ఒక దారి ఉండేది. రోజలీ ఊరికే ఆమె వంక చూస్తోంది, ఏదో లెక్క మొదటినుంచీ మళ్ళీ వేసుకుంటున్న దానిలా.

"ఎందుకు చెప్పావు?" అంది చివరికి, మెల్లిగా.

"చెప్పకుండా నిన్ను తీసుకెళ్ళలేను."

"అది నీ మనసు కోసం. నాకోసమైతే చెప్పేదానివి కాదు."

రోజలీ లేచి అద్దం ముందు నిలబడి నడుముకి ఏప్రన్ కట్టుకుంది. ముడి మొదటిసారి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ వేసుకుంది. టీనాకి బూట్లు తొడిగింది. కింద లాండ్రీ ఆవిడ రాత్రి తొమ్మిదిదాకా పిల్లని చూసుకుంటుందట, అందుకు బదులు రోజలీ ఆవిడకి హోటలు నుంచి భోజనం తెచ్చిపెడుతుందట. అన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది.

"మరి నెలాఖరుకి..." అంది విల్మా, గుమ్మం దగ్గర.

"చూద్దాంలే," అంది రోజలీ.

తర్వాత వంగి అక్క బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మధ్యమెట్టు మీద టీనా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. రోజలీ ఆగింది కానీ తిరగలేదు. పిల్ల ఊపడం అయ్యేదాకా ఉండి, మళ్ళీ దిగింది.

విల్మా గదిలోకి వచ్చి గిన్నెలు కడిగింది. బస్సుకి ఇంకా మూడు గంటలుంది.